సీజన్ మొదలయ్యే ముందు: ఒకే క్లాస్‌ మీద అన్నీ పెట్టేయకండి

ఆన్‌లైన్ గేమ్‌ల్లో కొత్త సీజన్ వస్తోందంటే అందరం ముందు అడిగేది ఒకటే: ఈసారి ఏ క్లాస్ (మనం ఎంచుకునే క్యారెక్టర్ రకం) బలంగా ఉంది? దాంతోపాటు ఇంకోటి కూడా అడగండి. ఆ బలం డెవలపర్లు అనుకోకుండా వచ్చిందైతే, దాన్ని సరిచేయడానికి ఎన్నాళ్లు పడుతుంది? గేమ్‌లో మీ గోల్డ్, మీ సమయం ఎక్కడ పెట్టాలో తేల్చేది ఈ రెండో ప్రశ్నే.

అంకెల్లో తేడా ఉంటే త్వరగానే సరిచేస్తారు. వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్‌లో ఒక స్పెల్ డ్యామేజ్ తగ్గించాలంటే మనం ఏమీ డౌన్‌లోడ్ చేసుకోనక్కర్లేదు, సర్వర్‌లోనే హాట్‌ఫిక్స్ (అప్పటికప్పుడు చేసే సవరణ) పెట్టేస్తారు. క్లాస్ ట్యూనింగ్ (క్లాసుల బలాన్ని సరిదిద్దడం) ఎక్కువగా వారానికోసారి జరిగే రీసెట్‌తో పాటే వస్తుంది. అమెరికా సర్వర్లలో అది మంగళవారం పొద్దున, ఇండియాలో ఉన్నవాళ్లకు అదే రోజు రాత్రి. అందుకే సోమవారం రాత్రి దాచుకున్నదంతా ఒక్క ఆయుధం మీద ఖర్చు పెట్టకండి. ఒక్క రోజు ఆగండి.

క్లాస్ పనిచేసే పద్ధతిలోనే చిక్కు ఉంటే మాత్రం నెలలు పడుతుంది. 2023 జులైలో అదే గేమ్‌లో ఆగ్మెంటేషన్ ఎవోకర్ (ఎవోకర్ క్లాస్‌లో ఒక కొత్త రకం) వచ్చింది. తను కొట్టడం కన్నా పక్కవాళ్ల దెబ్బ పెంచడమే దాని ప్రధానమైన పని. అలాంటిదాన్ని అంకెలతో అదుపు చేయడం కష్టం. పార్టీలో మిగతావాళ్లు ఎంత గట్టివాళ్లయితే దాని విలువ అంత పెరుగుతుంది. ఎన్నిసార్లు నెర్ఫ్ చేసినా (బలం తగ్గించినా) పెద్ద మిథిక్ ప్లస్ కీల్లో, అంటే బాగా కష్టమైన డంజన్లలో, అదే కనిపించేది.

ఇక వెనక్కి తీసుకోలేని ఎంపికల దగ్గర ఇంకా జాగ్రత్తగా ఉండాలి. వార్‌క్రాఫ్ట్ ఎక్స్‌పాన్షన్ షాడోలాండ్స్‌లో 2020 నవంబర్‌లో ఆటగాళ్లు ఒక కవనెంట్ (ప్రత్యేక పవర్ ఇచ్చే వర్గం) ఎంచుకోవాల్సి వచ్చింది. ఆ పవర్ తమ క్లాస్‌కి కలిసిరాక మారదామంటే అడ్డంకులు. అవి తొలగింది 2021 నవంబర్‌లో, 9.1.5 ప్యాచ్‌తో (గేమ్ అప్‌డేట్‌తో). దాదాపు ఏడాది! 'తర్వాత మార్చుకోవచ్చా?' అన్నదానికి స్పష్టమైన జవాబు దొరికేదాకా దేనికీ కమిట్ అవకండి.

సీజన్‌కి రెండు మూడు రోజుల ముందు వచ్చే ప్యాచ్ నోట్స్ తప్పకుండా చదవండి. డయాబ్లో 4 అనే గేమ్ మొదటి సీజన్ 2023 జులై 20న మొదలైంది. రెండు రోజుల ముందే 1.1.0 ప్యాచ్ దాదాపు అన్ని క్లాసుల బలాన్నీ కోసేసింది. జనం ఎంత కోప్పడ్డారంటే, అలాంటి ప్యాచ్ ఇంకెప్పుడూ ఇవ్వబోమని డెవలపర్లే లైవ్‌లో చెప్పారు. అయినా సోర్సరర్‌కి, బార్బేరియన్‌కి చెప్పుకోదగ్గ బఫ్‌లు (బలం పెంచే మార్పులు) వచ్చింది ఆగస్టు 8న. తప్పు ఒప్పుకున్నాక కూడా అంత టైమ్ పట్టింది. అందుకే రెండో క్యారెక్టర్ ఒకటి సిద్ధంగా ఉంచుకోండి. డబ్బులు పెట్టి లెవెల్ బూస్ట్ కొనాలనుంటే మొదటి రెండు మూడు వారాలు గడవనివ్వండి.

గిల్డ్ (ఆటగాళ్ల బృందం) నడిపేవాళ్లకు ఒక మాట. ఈ వారం క్లాస్ బలహీనంగా ఉందని మనిషిని రెయిడ్‌లోంచి (బృందమంతా కలిసి చేసే పెద్ద దాడిలోంచి) తీసేయకండి. క్లాస్ వచ్చే ప్యాచ్‌లో కోలుకోవచ్చు, అలిగి వెళ్లిపోయినవాడు తిరిగి రాడు.

చివరగా, నేను ప్రతి సీజన్‌కీ చేసే పని. ఒకసారి ఒక గేమ్‌లో నెర్ఫ్ వార్త చూసి, ఆ టెన్షన్‌లో నా గేర్ (ఆయుధాలు, కవచాలు) మొత్తం అమ్మేశాను. తర్వాత చూస్తే దెబ్బ తగ్గింది చాలా కొద్దిగానే. అప్పటినుంచి ప్యాచ్‌కి ముందు రోజు గేమ్‌లో ఉండే ట్రైనింగ్ డమ్మీని (సాధన బొమ్మను) ఐదు నిమిషాలు కొట్టి, సగటు డీపీఎస్ (సెకనుకు పడే డ్యామేజ్) కాగితం మీద రాసి మానిటర్‌కి అంటిస్తాను. ప్యాచ్ వచ్చాక అదే గేర్‌తో, అదే వరుసలో మళ్లీ కొడతాను. ఆ రెండు అంకెలూ పక్కపక్కన చూశాకే ఏదైనా అమ్మేది, కొనేది.