నల్లమలలో జంతువుల వేళలు: ట్రాప్ కెమెరా లెక్క తప్పితే ఏం చేయాలి?

అమ్రాబాద్ టైగర్ రిజర్వ్ లాంటి అడవిలో ఏ జంతువు ఏ వేళ తిరుగుతుందో తేల్చడానికి ఎక్కువగా ట్రాప్ కెమెరాలనే, అంటే చెట్టుకు కడితే ఎదురుగా జంతువు కదలగానే సెన్సర్‌తో పసిగట్టి దానంతటదే ఫొటో తీసే కెమెరాలనే నమ్ముకుంటాం. ఫొటోల మీద పడ్డ టైమ్‌లు పోగేస్తే గ్రాఫు వస్తుంది. అది వింతగా ఉంటే జంతువు కన్నా ముందు కెమెరాను అనుమానించండి.

సమస్య: ముళ్లపంది మిట్టమధ్యాహ్నం తిరుగుతోంది!

కారణం: ఏఎం, పీఎం తారుమారయ్యాయి. ఇన్‌ఫ్రారెడ్ ఫ్లాష్‌తో తీసిన నలుపు తెలుపు ఫొటో మీద మధ్యాహ్నం 1 గంట అని ఉంటే ఇక వేరే సాక్ష్యం ఎందుకు? తేడా ఐదున్నర గంటలైతే సంగతి వేరు. జంతువు మెడకు కట్టే జీపీఎస్ కాలర్ల డేటా తరచూ యూటీసీలో (ప్రపంచమంతటికీ ఒకటే అయిన ప్రామాణిక టైమ్‌లో) వస్తుంది, మన టైమ్ దానికన్నా 5:30 గంటలు ముందుంటుంది.

పరిష్కారం: కెమెరా కట్టేటప్పుడు, కార్డు తీసేటప్పుడు ఫోన్‌లో టైమ్ తెరిచి లెన్సుకు చూపించండి. రెండుసార్లూ తేడా ఒకటే అయితే ఫొటోలన్నిటికీ అదే సవరణ. తేడా మారితే మధ్యలో గడియారం రీసెట్ అయి ఉండొచ్చు, తేదీ ఎక్కడ ఎగిరిందో వెతకండి.

సమస్య: ఏప్రిల్, మే నెలల్లో పగటి ఫొటోలు దాదాపు లేవు.

కారణం: ఎండకు జంతువులు రాత్రికి మారాయని రాసేయాలనిపిస్తుంది. కొంత నిజం కూడా. కానీ ఈ సెన్సర్ పట్టేది ఒంటి వేడికీ వెనకున్న నేల వేడికీ మధ్య తేడా కదలడాన్ని. మన్ననూరు వైపు బండలు కాలిపోయే మధ్యాహ్నం ఆ తేడా చాలా తగ్గుతుంది. దుప్పి ఎదురుగా నడిచినా కెమెరా పలకదు. రాత్రి నేల చల్లారాక అదే కెమెరా చక్కగా పనిచేస్తుంది. దాంతో గ్రాఫు రాత్రివైపు ఒరుగుతుంది.

పరిష్కారం: వేసవిలో సెన్సిటివిటీ పెంచండి, రోజంతా నీడ ఉండేచోట కట్టండి. కెమెరా ముందు వంగి నడిచి చూసే పరీక్షను చల్లటి ఉదయం కాదు, మధ్యాహ్నం 2 గంటలకు చేయండి. అసలు మందు టైమ్‌ల్యాప్స్. సాసర్ పిట్ల (జంతువుల కోసం నీళ్లు నింపే లోతు తక్కువ గుంటల) దగ్గర కొన్ని కెమెరాలను సెన్సర్‌తో పని లేకుండా ఐదు నిమిషాలకో ఫొటో తీసేలా పెట్టండి. సెన్సర్ వదిలేసిన జంతువులు అందులో దొరికితే లోపం ఎక్కడుందో తేలినట్టే. బేస్ క్యాంపులో చెంచు వాచర్ ఉంటే మధ్యాహ్నం నీళ్లకు ఏవి వస్తాయో అడగండి. మాన్యువల్‌లో ఈ సంగతి దొరకదు.

సమస్య: చిరుత తిరిగే సగటు వేళ మధ్యాహ్నం 12 అని వచ్చింది.

కారణం: రాత్రి 11 (23), ఒంటి గంట (1) కలిపి సగం చేస్తే 12 వస్తుంది మరి!

పరిష్కారం: మామూలు సగటు వద్దు, గంటలను వృత్తం మీద కోణాలుగా లెక్కించే పద్ధతి వాడండి. పనిలో పనిగా, అరగంటలోపు వచ్చిన ఒకే జాతి ఫొటోలను ఒక్కటిగా లెక్కేయండి. లేకపోతే కోతుల గుంపొకటి గ్రాఫునంతా మింగేస్తుంది.

సమస్య: జనవరికీ జూన్‌కీ ఉదయపు సందడి గంట జరిగింది.

కారణం: ఇక్కడ సూర్యోదయం జనవరిలో సుమారు 6:45కి, జూన్ మొదట్లో 5:40కి.

పరిష్కారం: గడియారం బదులు సూర్యోదయం నుంచి ఎంతసేపో లెక్కించండి.

సమస్య: శ్రీశైలం రోడ్డు పక్క జంతువులు రాత్రి 9 తర్వాతే కనిపిస్తున్నాయి.

కారణం: 9 నుంచి ఉదయం 6 దాకా అడవిలో వాహనాలు బంద్. బండ్ల భయంతో ఆగినదాన్ని ఒంట్లోని గడియారం ఖాతాలో వేయకూడదు.

పరిష్కారం: రోడ్డుకు దూరంగా లోపల, అదే రకం చెట్లూ నీరూ ఉన్నచోట మరో కెమెరా కట్టి రెండు గ్రాఫులూ పోల్చండి.