పండు ఈగల్లో ఆడ ఎన్ని మగ ఎన్ని, ఇంట్లోనే లెక్క తీయడం ఎలా

అరటిపండు కాస్త మెత్తబడితే చాలు ఎక్కడినుంచో వచ్చి ముసిరే చిన్న ఈగలున్నాయి కదా, కల్లు ముంత చుట్టూ తిరిగేవి కూడా ఇవే రకం, ల్యాబ్‌లో డ్రోసోఫిలా అంటారు. ఆడ మగ సగం సగం పుడతాయని పుస్తకంలో ఉంటుంది, దాన్ని మనమే చెక్ చేసుకోవచ్చు, పెద్ద ఖర్చేం లేదు. కాకపోతే ఏ రోజు లెక్కపెట్టారు అన్నదాన్ని బట్టి ఆన్సర్ మారిపోతుంది, తిప్పలంతా అక్కడే.

గాజు సీసాలో బాగా మగ్గిన అరటిపండు చిదిమి వేసి, పైన చిటికెడు ఈస్ట్ చల్లండి, ఒక ఆడ ఒక మగ వదిలి మూతికి దూది పెట్టేయండి. వారం తిరిగేసరికి ఆ జంటని తీసేయాలి, లేదంటే పిల్లల్లో కలిసిపోతాయి. 25 డిగ్రీల దగ్గర గుడ్డు నుంచి ఈగ అవ్వడానికి సుమారు 10 రోజులు. మన మే నెల ఎండల్లో మాత్రం మొదలుపెట్టొద్దు, వేడి 30 డిగ్రీలకి చేరితే మగవాటికి పిల్లల్ని పుట్టించే శక్తి పోతుంది, సీసా ఖాళీగా మిగులుతుంది.

గుర్తుపట్టడానికి సీసాని ఈగలు పడిపోయేదాకా ఫ్రీజర్‌లో ఉంచండి, ఎక్కువసేపు వదిలేస్తే చచ్చిపోతాయి, పడిపోయాక ఐస్ మీద పెట్టిన తెల్ల ప్లేట్‌లోకి దులిపి లెన్స్‌తో చూడండి. మగది చిన్నగా ఉంటుంది, పొట్ట చివర గుండ్రంగా నల్లగా ఉంటుంది. ఆడదానికి చారలు చివరిదాకా కనిపిస్తాయి, కొన సూదిగా ఉంటుంది. అయితే అప్పుడే బయటికొచ్చిన మగదానికి ఆ నలుపు ఇంకా రాదు, ఒళ్లంతా పాలిపోయి ఉంటుంది, తొందరపడితే ఆడ లిస్టులో రాసేస్తారు. అందుకే ముందుకాళ్లు చూడాలి, మగదానికి అక్కడ చిన్న నల్ల ముళ్ల వరుస ఉంటుంది, సెక్స్ కోంబ్ అంటారు, అది ఉంటే ఇక డౌటే లేదు. ఇంకో విషయం, మన దగ్గర బాగా దొరికే అననాసే జాతి మగవాటికి ఆ నల్ల కొన అసలు ఉండదు, కాబట్టి రంగుని నమ్ముకోకండి.

ఆడవి మగవాటికంటే కొన్ని గంటలు ముందే బయటికొస్తాయి. మొదటి రోజు చూసి "అన్నీ ఆడవే" అనుకుంటే పొరపాటే, మొదటి ఈగ వచ్చిన దగ్గర్నుంచి రోజూ లెక్కపెట్టి తీసేస్తూ, జంటని వదిలిన 18వ రోజు దాకా చూసి ఆపేయండి, ఆ తర్వాత మనవళ్లు మొదలవుతారు. 20 ఈగల్లో 12 ఆడవి వస్తే దానికి అర్థమేం లేదు, 100లో 60 వస్తే కాస్త అనుమానించొచ్చు, 200లో 120 అయితే ఏదో ఉందన్నట్టే.

అసలు సగం సగం ఎందుకంటే తండ్రి నుంచి ఎక్స్ క్రోమోజోమ్ వస్తే ఆడ, వై క్రోమోజోమ్ వస్తే మగ. ఇంతవరకు మనుషుల్లాగే, కానీ ఈగల్లో నిర్ణయించేది వై కాదు, ఎక్స్‌లు ఎన్ని ఉన్నాయన్నదే. రెండు ఎక్స్‌లుంటే సెక్స్-లీథల్ అనే జీన్ ఆన్ అయ్యి ఆడది అవుతుంది, ఒకటే ఉంటే మగది. అమెరికా జన్యు శాస్త్రవేత్త కాల్విన్ బ్రిడ్జెస్ 1916లో చూపించింది ఇదే, రెండు ఎక్స్‌లూ ఒక వై ఉన్న ఈగ ఆడదే, వై లేకుండా ఒకే ఎక్స్ ఉంటే మగదే, కాకపోతే దానికి పిల్లలు పుట్టరు.

లెక్క నిజంగానే తప్పిందనుకోండి, గుడ్లు చూడండి. దాదాపు సగం గుడ్లు పొదగకుండా ఉండి, వచ్చినవన్నీ ఆడవే అయితే తల్లి నుంచి వచ్చిన స్పైరోప్లాస్మా బ్యాక్టీరియా మగపిండాల్ని చంపుతూ ఉండొచ్చు, అలాంటప్పుడు కూతుళ్లకి వేరే మగవాటిని జతచేసినా మళ్లీ ఆడవే వస్తాయి. సరిగ్గా రెండు ఆడలకి ఒక మగ లెక్కన వస్తుంటే, తల్లి ఎక్స్‌లలో ఒకదాని మీద మగపిల్లల్ని చంపే మ్యుటేషన్, అంటే జీన్‌లో మార్పు, ఉందేమో చూడాలి. గుడ్లన్నీ బాగానే పొదిగి కూతుళ్లే ఎక్కువైతే అనుమానం తండ్రి మీదకి పోతుంది, సిములాన్స్, సూడోఆబ్స్క్యూరా అనే డ్రోసోఫిలా జాతుల్లో కొన్ని ఎక్స్‌లు వై ఉన్న వీర్యకణాల్ని పాడుచేసి తామే ముందుకెళ్తాయి.

ఈ పద్ధతి మాంసం మీద వాలే క్రైసోమియా రూఫిఫేసీస్ ఈగకి పనికిరాదు, అందులో ఒక తల్లికి అందరూ కూతుళ్లే, ఇంకో తల్లికి అందరూ కొడుకులే, కాబట్టి చాలా తల్లుల పిల్లల్ని కలిపి లెక్కపెట్టాలి.