డిటెక్టివ్ రచయితనే హత్య కేసులో ఇరికించడం ఎలా? (నవల్లో మాత్రమే)

ముప్పై ఏళ్లుగా హత్యల కథలు రాసుకుంటూ బతికిన ఒకాయన మీద హత్య కేసు పడింది. చంపింది ఆయన కాదు. ఈ ఒక్క ముక్క చెబితే చాలు, ఎదుటివాడు "ఆ తర్వాత?" అంటాడు. మన టెన్షన్ అంతా ఆ తర్వాత గురించే. ఉత్సాహంగా మొదలుపెట్టిన నవల మూడో చాప్టర్‌కి మొరాయిస్తుంది. కారణం ఏమిటంటే, హీరో పడే కష్టాలే రాసుకుంటూ పోతాం. ఆయన్ని ఇరికించినవాడు ఆ రోజు ఎక్కడున్నాడో, ఏ కాగితం ఎక్కడినుంచి తీశాడో మనకే తెలియదు.

అందుకని ఒకే కథను పట్టుకుని, దాన్ని ఎలా కట్టాలో వరసగా చెబుతాను. ఊరు విజయవాడ. కాలం డిసెంబరు. జనవరిలో పుస్తకాల పండగ వస్తోందని పబ్లిషర్లు, ప్రెస్సులు, డీటీపీ సెంటర్లు ఊపిరాడకుండా పనిచేసే రోజులు. చనిపోయేది గవర్నర్‌పేటలో ఆఫీసున్న ఒక పబ్లిషరు. ఇరుక్కునేది సత్యనారాయణపురంలో ఉండే అరవై మూడేళ్ల రచయిత. ఇద్దరికీ పేర్లు మీరు పెట్టుకోండి.

1. ముందు హంతకుడి డైరీ రాయండి

రెండు పేజీలు చాలు. ఇది నవల్లోకి రాదు, మీ దగ్గరే ఉంటుంది. మన కథలో హంతకుడు పబ్లిషరు బావమరిది. ఆఫీసు లెక్కలు చూసేది అతనే. పుస్తకాలు బిల్లు లేకుండా అమ్మి డబ్బు నొక్కేస్తున్నాడు. బావకు ఆ సంగతి తెలిసిపోయింది. పండగ కాగానే లెక్కలు తేల్చుకుందామన్నాడు.

నేరం మోపడానికి రచయితే ఎందుకు దొరికాడు? రాయల్టీ ఇవ్వలేదని పది రోజుల కిందట ఆయన ఆఫీసుకొచ్చి అందరిముందూ కేకలేసి వెళ్లాడు గనక. ఈ సంగతి బాగా గుర్తుపెట్టుకోండి. ఇరికించేవాడు కొత్తగా ఏదీ పుట్టించడు, ఉన్నవాటినే ఏరుకుంటాడు. గొడవ ఉంది. మొన్న వానకి రచయిత మర్చిపోయి వదిలేసిన గొడుగు ఆఫీసులోనే ఉంది. "సాయంత్రం ఏడింటికి రండి గురువుగారూ, చెక్కు రాసిస్తారట" అని ఒక్క ఫోన్ చేస్తే ఆ మనిషి తన కాళ్లతో తానే అక్కడికి వస్తాడు. సెల్ టవర్ లెక్కలో ఆయన నంబరు ఆ వీధిలోనే కనిపిస్తుంది. ఇక చివరి వస్తువు, శవం చేతిలో ఒక చీటీ. దాని మీద ఒక వాక్యం ఉంటుంది. అది ఇంకా అచ్చుకాని రచయిత కొత్త నవల్లోది.

డైరీలో టైములు వేసుకోండి. ఆరుంపావుకి ఏం చేశాడు, ఏడుకి పది నిమిషాల ముందు ఎక్కడున్నాడు, తాళం ఎవరి దగ్గరుంది. బద్ధకించారంటే ఇరవయ్యో చాప్టర్లో ఏడుస్తారు. నేను ఏడ్చాను కాబట్టే చెబుతున్నాను.

2. రాతలొక్కటే సాక్ష్యం అనుకోకండి

చాలామంది కొత్తవాళ్లు ఇక్కడే జారతారు. "ఆయన నవల్లో ఎలా ఉందో హత్య అచ్చం అలాగే జరిగింది, కాబట్టి పోలీసులు పట్టుకెళ్లారు" అని రాసేసి ఊరుకుంటారు. నిజంగా జరిగిన రెండు కేసులు చూడండి.

అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో నాన్సీ క్రాంప్టన్ బ్రోఫీ అనే నవలా రచయిత్రి భర్త 2018లో తుపాకీ కాల్పుల్లో చనిపోయాడు. ఆమె 2011లో, భర్తను చంపడం ఎలా అనే అర్థమొచ్చే శీర్షికతో ఒక వ్యాసం రాసింది. పేపర్లు పండగ చేసుకున్నాయి. జడ్జి మాత్రం అన్నేళ్ల కిందటి వ్యాసాన్ని సాక్ష్యంగా తీసుకోలేదు. 2022లో ఆమెకు శిక్ష పడింది, కానీ వేరే సాక్ష్యాల మీద. పోలండ్ కేసు ఇంకా చిత్రం. 2000లో ఒక వ్యాపారి శవం నదిలో దొరికింది. హంతకుడెవరో తేలలేదు. 2003లో క్రిస్టియన్ బాలా అనే ఆయన ఒక హత్య కథతో నవల వేశాడు. ఒక పోలీసు అధికారి ఆ నవలను పట్టి పట్టి చదివాడు. కానీ ఆయన చేతికి దొరికిన గట్టి ఆధారం నవల కాదు. చనిపోయిన మనిషి సెల్‌ఫోన్‌ను, అతను మాయమైన నాలుగు రోజులకే బాలా ఇంటర్నెట్ వేలంలో అమ్మేశాడని తేలింది. 2007లో కోర్టు ఇరవై అయిదేళ్ల శిక్ష వేసింది.

ఈ ఇద్దరికీ శిక్ష పడింది, మన హీరో అమాయకుడు. అయినా మనం నేర్చుకోవాల్సింది అక్కడే ఉంది. రాత అనుమానాన్ని పుట్టిస్తుంది, వస్తువు ఆ అనుమానాన్ని నిలబెడుతుంది. అందుకే చీటీతో ఊరుకోకుండా గొడుగు, ఫోను, గొడవ కూడా పెట్టుకున్నాం.

3. ఒక్క తప్పు పెట్టండి, కనిపించేచోటే పెట్టండి

నవల మొత్తం దీని మీదే నిలబడుతుంది కాబట్టి కాస్త నిదానంగా వెళదాం.

చీటీ మీది వాక్యం "లెక్క సరిపోయింది". రచయిత రాతప్రతిలో ఇది సరిగ్గానే ఉంది. డీటీపీ కుర్రాడు కొట్టిన ఫస్ట్ ప్రూఫ్‌లో (దిద్దడానికి తీసే మొదటి అచ్చులో) యి మీది గుడి ఎగిరిపోయి "లెక్క సరిపోయంది" అయింది. య, యి మధ్య ఎంత తేడా ఉంటుందో తెలుగులో ప్రూఫులు దిద్దినవాళ్లకు తెలుసు. చిన్న అక్షరాల్లో అయితే కళ్లజోడుకు కూడా దొరకదు. రచయిత ఎర్ర పెన్నుతో దిద్దాడు. రెండు రోజుల్లో సెకండ్ ప్రూఫ్ వచ్చింది, గుడి వచ్చి కూర్చుంది. అంటే ఆ తప్పు బతికింది రెండు రోజులే, ఫస్ట్ ప్రూఫ్ కాగితాల మీద మాత్రమే.

శవం చేతిలోని చీటీ మీద "లెక్క సరిపోయంది" అని ఉంది.

ఫస్ట్ ప్రూఫ్ రెండు కాపీలు తీశారు. ఒకటి రచయితకు వెళ్లింది. రెండోది పబ్లిషరు బల్ల మీద ఉండిపోయింది. అట్ట వెనక వేద్దామని ఆయన ఆ వాక్యం కింద గీత కూడా గీశాడు. దాన్ని చూడగలిగినవాళ్లు ముగ్గురు: డీటీపీ కుర్రాడు, ముఖచిత్రం వేయడానికి ప్రూఫ్ తిరగేసిన ఆర్టిస్టు, లెక్కల బావమరిది. కుర్రాడు ఆ రాత్రంతా సెంటర్లోనే ఉన్నాడు, సీసీ ఫుటేజీ ఉంది. ఇక మిగిలింది ఇద్దరు.

తేల్చేది ఒక అలవాటు. తెలుగు బాగా వచ్చినవాడు తప్పును చూసి రాస్తున్నా, చెయ్యి దానంతటదే ఒప్పు రాసేస్తుంది. నమ్మకపోతే ఇంట్లో ఎవరికైనా ఆ తప్పు వాక్యం ఇచ్చి ఎత్తి రాయమనండి. పుస్తకాల పేర్లు చేత్తో అందంగా రాసే ఆర్టిస్టు గుడి వదిలేసే ప్రశ్నే లేదు. చిన్నప్పటినుంచీ మద్రాసులో ఇంగ్లీషు మీడియంలో చదివి, తెలుగు మాట్లాడ్డమే తప్ప రాయడం రాని బావమరిది మాత్రం ప్రూఫ్ ముందు పెట్టుకుని బొమ్మ గీసినట్టు అక్షరం అక్షరం గీస్తాడు. ఉన్నది ఉన్నట్టు దిగుతుంది, తప్పుతో సహా. ఆ అక్షరాలు అచ్చులా ఉండేసరికి పోలీసులేమో రచయిత కావాలని చేతిరాత మార్చాడనుకుంటారు.

దీన్ని పాఠకుడికి ఎప్పుడు చూపించాలి? రెండో చాప్టర్లోనే. రచయిత వసారాలో కూర్చుని ప్రూఫులు దిద్దుతూ వరసగా మూడు తప్పుల మీద విసుక్కుంటాడు. మనది మధ్యలోది. మూడోది నవ్వు తెప్పించేదై ఉండాలి, "కత్తిపోటు" బదులు "కత్తిపీట" అని పడటం లాంటిది. పాఠకుడు నవ్వుతుండగానే ఫోన్ మోగాలి. రెండోది మనసులోంచి జారిపోతుంది. పైగా తెలుగు పుస్తకాల్లో అచ్చుతప్పులు మనకెంత అలవాటంటే, ఆరో చాప్టర్లో చీటీ ఉన్నదున్నట్టు అచ్చువేసినా "వీళ్ల ప్రూఫ్ రీడింగు తగలెయ్య" అనుకుని ముందుకెళ్లిపోతాడు. క్లూ దాచడానికి ఇంతకంటే మంచి చోటు నాకైతే ఇప్పటిదాకా దొరకలేదు.

4. పోలీసుల పని పోలీసుల్లాగే రాయండి

కథ 2024 జులై 1 తర్వాత జరిగితే ఐపీసీ 302 అని రాయకండి. ఆ రోజు నుంచి కొత్త చట్టాలు అమల్లోకి వచ్చాయి. హత్యకు ఇప్పుడు భారతీయ న్యాయ సంహిత 103. నేరం అంతకుముందు జరిగినట్టు రాస్తే మాత్రం 302 ఉంచండి. హత్య కేసు దర్యాప్తు సీఐ చేస్తాడు, ఎస్‌ఐ, హెడ్డు ఆయన వెంట ఉంటారు. శవ పంచనామా, క్లూస్ టీం, పోస్టుమార్టం, కాల్ డేటా అనే వరస తప్పకుండా చూసుకోండి. ఒక్కోదానికి ఒక్కో చాప్టరు మాత్రం వద్దు, టీవీలో రోజూ చూస్తున్నదే.

కథకు పనికొచ్చే నిబంధనలు మాత్రం కొన్ని ఉన్నాయి. అరవై దాటిన మగవాణ్ణి సాక్షిగా విచారించాలంటే స్టేషనుకు రమ్మని బలవంతపెట్టకూడదు, అతను ఉండేచోటికే వెళ్లాలి. మన హీరో వయసు అరవై మూడు పెట్టింది ఇందుకే. మొదటి విచారణ ఆయన ఇంట్లో, ఆయన పుస్తకాల బీరువా ముందు జరుగుతుంది. అరెస్టు చేశాక ఇరవై నాలుగు గంటల్లోగా మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలి. తొంభై రోజుల్లో ఛార్జిషీటు పడకపోతే బెయిలు అడిగే హక్కు వస్తుంది. హీరో జైల్లో ఉంటే పరిశోధన ఎవరు చేస్తారనేది ముందే తేల్చుకోండి. నేనైతే ఆయన కూతుర్నీ, డీటీపీ కుర్రాణ్ణీ జంటగా తిప్పుతాను. కుర్రాడికి తన తప్పు వల్లే ఇదంతా జరిగిందన్న బాధ ఉంటుంది.

ప్రత్యక్ష సాక్షి లేని కేసు కాబట్టి 1984 నాటి శరద్ బిర్ధీచంద్ సర్దా కేసులో సుప్రీంకోర్టు చెప్పిన మాట హీరో లాయరు నోట రావాలి: సందర్భాలన్నీ గొలుసులా తెగకుండా కలవాలి, నిందితుడే చేశాడని తప్ప ఇంకో అర్థానికి చోటు ఉండకూడదు. మన గుడి తెంపేది ఆ గొలుసులోని ఒక లింకునే.

5. మాటలు

విచారణ సీను అనగానే బల్ల గుద్దడాలు, లైటు మొహం మీద వేయడాలు వద్దు. పెద్దాయన, పేరున్న రచయిత, పైగా వచ్చింది ఆయన ఇంటికి. మర్యాదగానే మాట్లాడతారు. ఆ మర్యాదలోంచే భయం రావాలి.

"కాఫీ తాగుతారా?"

"వద్దు గురువుగారూ. ఇది ఒకసారి చూడండి." సీఐ ప్లాస్టిక్ కవర్లో ఉన్న చీటీని టీపాయ్ మీద పెట్టాడు.

రచయిత కళ్లజోడు తుడుచుకుని వంగి చూశాడు. "ఈ వాక్యం నాదే."

"ఒప్పుకుంటున్నారన్నమాట."

"వాక్యం నాదంటున్నానండీ. చీటీ నాదనట్లేదు."

కిటికీ దగ్గర నిలబడ్డ హెడ్డు నెమ్మదిగా అన్నాడు. "ఈయన పాత నవల్లో హంతకుడు కూడా ఇలాగే అంటాడు సార్. అద్దె లైబ్రరీలో తెచ్చుకుని చదివా."

అభిమాని మాటే ఆయన మెడకు చుట్టుకుంది. చీటీ రచయిత కళ్లముందే ఉంది, తప్పు కూడా అందులోనే ఉంది. కంగారులో ఆయన కూడా దాన్ని ఒప్పుగానే చదివేశాడు. మూడో మెట్టులో చెప్పిన అలవాటే ఇది. పాఠకుడికి చివర్లో ఈ సీను గుర్తొచ్చి ఒళ్లు ఝల్లుమనాలి.

6. ముగింపులో "అవును, నేనే చంపాను" వద్దు

పోలీసుల ముందు ఒప్పుకున్న నేరం కోర్టులో చెల్లదు. భారతీయ సాక్ష్య అధినియం 23వ సెక్షను చెప్పేది ఇదే, పాత చట్టంలోనూ ఉన్నదే. కాబట్టి హంతకుడు స్టేషన్లో మూడు పేజీల ఉపన్యాసం ఇచ్చినా లాభం లేదు. రాతప్రతి, ఫస్ట్ ప్రూఫ్, సెకండ్ ప్రూఫ్, చీటీ నాలుగూ ఒకే బల్ల మీద పక్కపక్కన పరవండి. కూతురు వేలు పెట్టి చూపిస్తుంది. దానికి తోడుగా బిల్లు పుస్తకంలో ఖాళీలు బయటపడాలి, లేకపోతే చంపాల్సిన అవసరం తేలదు. అంతే, అక్కడే ఆపండి.

7. ప్రూఫ్ రీడరుకు చీటీ పెట్టండి

ఇలాంటి క్లూతోనే నేనొకసారి ఒక వారపత్రికకు కథ పంపాను. వేశారు. సంబరంగా తెరిచి చూస్తే శవం చేతిలోని చీటీ మీద గుడి, దీర్ఘం, అన్నీ చక్కగా ఉన్నాయి. అక్కడి ప్రూఫ్ రీడరు మంచి మనిషి, శ్రద్ధగా దిద్దేశారు. హంతకుడు ఏ ఆధారంతో దొరికాడో అర్థం కాలేదని ఉత్తరాలొచ్చాయి.

అప్పటినుంచీ రాతప్రతి మొదటి పేజీకి ఒక కాగితం పిన్ను చేసి పంపుతున్నాను: "అయ్యా, ఆరో చాప్టర్లో శవం చేతిలో ఉన్న తప్పు కావాలని పెట్టింది. దయచేసి దిద్దకండి. మిగతావన్నీ నా తప్పులే, దిద్దండి."