గడ్డిల పండుకొని ఫోటోలు తీసేటోళ్లకు, పిడుదులు ఎక్కకుండ

వరంగల్ జిల్లా పాఖాల చెరువు దిక్కు పిట్టల ఫోటోల కోసం గడ్డిల బోర్లా పండుకునేటోళ్లను ఎలుగుబంటి కన్నా ఎక్కువ సతాయించేది పిడుదులే, పొద్దున ఎక్కినయి రాత్రి స్నానం చేసేదాక తెల్వదు. ప్యాంటు అంచును సాక్సుల లోపలికి దోపి, ఆ జాయింటు మీద 2 అంగుళాల ప్యాకింగ్ టేపు ఒక చుట్టు మామూలుగ వేసి, తెంపకుండ అట్లనే తిప్పి జిగురు బయటికి వచ్చేటట్టు ఇంకో రెండు చుట్లు వేసుకోవాలె, కింది నుంచి పాకేటివి అక్కడనే అంటుకపోతయ్. చొక్కా చేతులకు కూడ ఇట్లనే. లేత రంగు ప్యాంటైతే తప్పించుకున్నయి కండ్లకు కనపడతయ్. డీట్ అనే పురుగుల్ని దూరం పెట్టే మందు ఉన్న దోమల క్రీమ్ కూడ పనిచేస్తది గని అది ప్లాస్టిక్‌ను పాడుచేస్తది, కెమెరా ముట్టే ముందు అరచేతులు తుడుచుకోండ్రి.

మంచు పడ్డ గడ్డిల, వానకాలంల ఈ టేపు పనికిరాదు, దుమ్ము పట్టినా అంతే, మార్చుకోవాలె. వాడిన టేపు అడవిల పారేయకుండ్రి. మరీ సన్న పురుగులు ఎట్లయినా కుట్టొచ్చు, అందుకే తర్వాత రెండు మూడు వారాలల్ల జ్వరమొచ్చినా, ఒంటి మీద నల్లటి చెక్కు కట్టిన పుండు కనపడినా అడవికి పోయొచ్చినమని డాక్టర్‌కు ముందే చెప్పండ్రి, ఈ సన్న పురుగులు కుడితే వచ్చే స్క్రబ్ టైఫస్ అనే జ్వరానికి టెస్ట్ చేస్తరు.