మధ్యలో మానేయగలిగే దారి: మొదటిసారి సైకిల్ టూరుకి వెళ్లేవాళ్ల కోసం

నా మొదటి సైకిల్ టూరు మూడు రోజులది. రెండో రోజు మధ్యాహ్నం నుంచి నేను వ్యాన్‌లో కూర్చున్నాను, నా సైకిల్ వ్యాన్ నెత్తిన కూర్చుంది. కర్ణాటకలో కాఫీ తోటల మధ్య టూరు అది. "కొత్తవాళ్లు కూడా రావచ్చు" అని ప్రకటనలో ఉంటే 14,500 రూపాయలు కట్టాను. రోజుకి 65 కిలోమీటర్లని చెప్పారు. అందులో ఎక్కుడు ఎంతో వాళ్లు చెప్పలేదు, నేనూ అడగలేదు. కూకట్‌పల్లిలో ఉంటాను, వయసు నలభై ఆరు, అకౌంట్స్ ఉద్యోగం, వారానికి రెండు రోజులు ఆఫీసుకి సైకిల్ మీద వెళ్తాను. 65 కిలోమీటర్లంటే ఆఫీసుకి నాలుగుసార్లు వెళ్లొచ్చినంత కదా అని లెక్క వేసుకున్నాను. లెక్క సరిగ్గానే ఉంది, కొండలే లెక్కలోకి రాలేదు.

అప్పటి నుంచి ఏ టూరు గురించి విన్నా రెండే ప్రశ్నలు వేస్తున్నాను. దారి పక్కన కాలువ ఉందా? ఆ దారిలో బస్సులు తిరుగుతాయా?

కాలువ ఎందుకంటే, సాగునీటి కాలువని నీళ్లు వాటంతటవే పారేట్టు తవ్వుతారు. వాలు కంటికి కూడా ఆనదు. ఆ గట్టు మీద వేసిన రోడ్డుకీ అదే వాలు. మధ్యలో వంతెన ఎక్కాల్సి వస్తే వస్తుందేమో గానీ ఘాట్ రోడ్డు మాత్రం రాదు. బస్సు ఎందుకంటే, మోకాలు పట్టేసినా, వాన పట్టుకున్నా, ఊరికే విసుగొచ్చినా అక్కడితో ఆపేసి ఇంటికి వెళ్లిపోవచ్చు. మొదటి టూరుకి పేరున్న దారి వెతుక్కోవద్దు. ఎక్కడ పడితే అక్కడ మానేయగలిగే దారి వెతుక్కోండి. ఎప్పుడైనా మానేయొచ్చని తెలిస్తే సగం టెన్షన్ అక్కడే పోతుంది.

ఈ రెండు పరీక్షలూ నెగ్గే దారులు మనకి బోలెడున్నాయి. గోదావరి డెల్టా మొత్తం అలాంటిదే. కృష్ణా డెల్టాలో బందరు కాలువ వైపు కూడా అంతే. ఫోన్‌లో మ్యాప్ తెరిచి, రోడ్డు పక్కనే నీలం గీత చాలా దూరం జంటగా పోతోందా అని చూడండి. దగ్గర దగ్గరగా ఊర్ల పేర్లు కనిపిస్తే బస్సులైనా, షేర్ ఆటోలైనా ఉన్నట్టే. కేరళలో ఫోర్ట్ కొచ్చి నుంచి అలప్పుళ దాకా సముద్రం పక్కన వెళ్లే రోడ్డు కూడా చదునే. అమెరికాలో ఉన్న మనవాళ్లకైతే వాషింగ్టన్ డీసీ నుంచి కంబర్లాండ్ దాకా పాత సీ అండ్ ఓ కాలువ గట్టు ఉంది, 184.5 మైళ్లు, మోటారు బళ్లు రానివ్వరు, దారి పొడవునా టెంట్ వేసుకునే చోట్లున్నాయి. వర్జీనియాలో ఉండే మా తమ్ముడు అందులో మూడు రోజులు తొక్కి, "అక్కా, ఇది మన కాలవగట్టే, కాకపోతే టీకొట్లు లేవు" అన్నాడు.

ఎవరో ఒకరు అన్నీ ఏర్పాటు చేస్తేనే ధైర్యం అనుకుంటే, యూత్ హాస్టల్స్ అసోసియేషన్ వాళ్ల గోవా సైక్లింగ్ క్యాంపు లాంటివి చూడండి. గుంపుగా తీసుకెళ్తారు, టెంట్లలో పడక, భోజనం అందులోనే, ప్రైవేటు టూర్లతో పోలిస్తే చాలా చవక. హోటల్ గది, వేడి నీళ్లు కావాలనుకునేవాళ్లకి అది కుదరదు. మీ ఊళ్లో సైకిల్ క్లబ్బు ఉంటే, శనివారం వెళ్లి ఆదివారం తిరిగొచ్చే రైడ్లు వేస్తారేమో కనుక్కోండి. ఒక్క జాగ్రత్త. "బ్రెవే" అన్న మాట వినిపిస్తే అది టూరు కాదు. అందులో చిన్నదే 200 కిలోమీటర్లు, పదమూడున్నర గంటల్లో పూర్తి చేయాలి. మా ఆఫీసు కుర్రాడొకడు పేరు బాగుందని రిజిస్టర్ చేసుకున్నాడు, ఆ మాట ఎత్తితే ఇప్పటికీ టాపిక్ మార్చేస్తాడు.

డబ్బు కట్టే టూరు ఏదైనా కట్టకముందే ఫోన్ చేసి ఇవి అడగండి. రోజుకి ఎన్ని కిలోమీటర్లు అన్నదొకటే చాలదు, రోజు మొత్తం మీద ఎన్ని మీటర్ల ఎక్కుడు అని అడగండి. 200, 300 మీటర్లంటే పర్వాలేదు. వెయ్యి అంటే నమస్కారం పెట్టి ఫోన్ పెట్టేయండి. సైకిల్ అద్దె ఆ డబ్బులోనే ఉందా? ఒక్కరే వస్తే గదికి అదనంగా ఎంత? వెనకాల వచ్చే వ్యాన్ అందరికంటే నెమ్మదిగా తొక్కేవాళ్ల వెనక ఉంటుందా, లేక ముందే వెళ్లి భోజనం దగ్గర ఆగుతుందా? చివరి ప్రశ్నకి వాళ్లు తడబడితే ఆ టూరు కొత్తవాళ్ల కోసం కాదు. నేను ఆ ఎండలో ఒక్కదాన్నే గంటన్నర కూర్చుని నేర్చుకున్న ప్రశ్న ఇది.

ఇక మేము సొంతంగా వేసుకున్న టూరు. 2023 డిసెంబరు చివర్లో నేనూ, మా అక్క కూతురూ కలిసి రాజమండ్రి నుంచి నరసాపురం దాకా నాలుగు రోజులు తొక్కాం. నాది గేర్లున్న హైబ్రిడ్ సైకిల్. దానిది గేర్లు లేని మామూలు లేడీస్ సైకిల్. కోనసీమలో రెండూ ఒకటే.

మొదటి రోజు రాజమండ్రి స్టేషన్ నుంచి ధవళేశ్వరం, బ్యారేజీ దాటి బొబ్బర్లంక, అక్కడి నుంచి ఆత్రేయపురం మీదుగా రావులపాలెం. మొత్తం 35 కిలోమీటర్ల లోపే. కాటన్ దొర 1852లో పూర్తి చేయించిన ఆనకట్ట స్థానంలో ఇప్పుడున్నది కొత్త బ్యారేజీ. ఆయన పేరు మీద మ్యూజియం ధవళేశ్వరంలోనే ఉంది, మీరు తొక్కబోయే కాలువల కథ అక్కడే మొదలవుతుంది కాబట్టి అరగంట ఇవ్వండి. బ్యారేజీ మీద మాత్రం రోడ్డు ఇరుకు, బళ్లు ఎక్కువ. పొద్దున ఏడు లోపు దాటేయండి. లొల్ల లాకుల (కాలువ గేట్ల) దగ్గర మేము ఫోటోలకని ఆగి ముప్పావు గంట కదల్లేదు. ఆత్రేయపురంలో పూతరేకులు కొంటే డబ్బాలో పెట్టించుకోండి, బ్యాగులో కుక్కితే సాయంత్రానికి పొడే మిగులుతుంది. దగ్గర్లోనే వాడపల్లి వెంకన్న గుడి. శనివారం అటు వెళ్లకండి, ఏడు శనివారాల మొక్కు జనంతో సైకిల్ నడిపించుకుంటూ పోవడానికి కూడా చోటుండదు.

రెండో రోజు కొత్తపేట, అంబాజీపేట మీదుగా అమలాపురం. దారంతా కొబ్బరిచెట్ల నీడ. నలభై కిలోమీటర్లు వస్తుందని భయపడ్డాం, పదకొండున్నరకల్లా లాడ్జిలో ఉన్నాం. ఈ రోజు నేర్చుకున్నది గాలి గురించి. కొండలు లేని చోట గాలే కొండ. మధ్యాహ్నం సముద్రం వైపు నుంచి గాలి మొదలైతే మీరు వెళ్లేదీ అటే కాబట్టి ముఖానికి కొడుతుంది. తెల్లవారి ఆరుంబావుకి బయల్దేరి పదకొండుకి ఆపేయడం మంచిది. మరీ పొద్దున్నే మంచు ఉంటుంది, వెనకాల ఎర్ర లైటు తప్పనిసరి.

మూడో రోజు పి.గన్నవరం మీదుగా రాజోలు. టూరు మొత్తంలో నాకు బాగా నచ్చింది గన్నవరం అక్విడెక్టు. కింద వైనతేయ నది, దాని మీదుగా కాలువ, కాలువ పక్కన మనం. కాటన్ కాలం నాటి పాత కట్టడం పక్కనే కొత్తది కట్టి డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. వచ్చినవాళ్లందరికీ వేళాపాళా లేకుండా అన్నం పెట్టిన ఆ తల్లిది ఈ చుట్టుపక్కల లంకల గన్నవరమే. అక్కడ టీకొట్టు ఆయన మా వాలకం చూసి, "ఎందాకండీ?" అన్నాడు. అంతర్వేది దాకా అన్నాం. "అయ్యో, బస్సుందండీ!" అన్నాడు బాధగా. నాలుగు రోజుల్లో ఆ మాట మాకు పది మందైనా చెప్పి ఉంటారు. నా రెండో ప్రశ్నకి ఇంతకంటే గట్టి జవాబు ఏముంటుంది?

డిసెంబరులో ఒక ఇబ్బంది ఉంది, సార్వా ధాన్యం రోడ్డు మీదే ఆరబోస్తారు. గింజల మీద బ్రేకు వేస్తే చక్రం జారుతుంది. పైగా అది ఒకరి ఏడాది కష్టం, తొక్కుకుంటూ పోకూడదు. దిగి పక్క నుంచి నడిపించండి. కుక్కలు వెంటపడినా అదే మందు, దిగి నడవండి. సంక్రాంతి వారం మాత్రం ఈ టూరు పెట్టుకోవద్దు, లాడ్జీలు కోడిపందేలకి వచ్చేవాళ్లతో నిండిపోతాయి. వేసవిలో కాలువలు కట్టేస్తారు, ఎండిన కాలువ పక్కన నలభై డిగ్రీల్లో తొక్కడంలో సుఖం లేదు.

సామాను సంగతి. వీపుకి బ్యాగు తగిలించుకోవద్దు, రెండో రోజుకి నడుము పట్టేస్తుంది. వెనక క్యారేజీ మీద పాత ట్యూబు ముక్కలతో కట్టండి. ఇద్దరికీ చెరి ఆరు కిలోలు దాటలేదు. రెండు జతల బట్టలు, రాత్రి ఉతికి ఆరేసుకోవడమే. లోపల మెత్త ఉన్న సైక్లింగ్ షార్ట్స్ కొనండి, పైన వదులు పంజాబీ డ్రెస్ వేసుకుంటే ఎవరికీ తెలియదు. ఆడవాళ్లకి బాత్రూమ్ బాధ అసలైనది, ఎవరూ రాయరు. హైవే దగ్గర పెట్రోలు బంకులు, లోపలి ఊర్లలో గుళ్లు ఆదుకున్నాయి. ఆ భయంతో నీళ్లు తాగడం మానకండి.

పంక్చర్ షాపు ప్రతి ఊళ్లోనూ ఉంది. కానీ నా హైబ్రిడ్ సైకిల్‌కి గాలి కొట్టే చోట ఉండేది సన్న ప్రెస్టా వాల్వ్. కొత్తపేటలో షాపాయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇదేటండీ, ఇంజెక్షన్ సూదా?" అన్నాడు. ఆయన పంపు దానికి పట్టలేదు. చిన్న ఇత్తడి అడాప్టర్ ఒకటి దగ్గరుంటే పని అయిపోయేది. అది, మీ సైజు ట్యూబులు రెండు, చిన్న పంపు ఇంటి నుంచే తీసుకెళ్లండి. మా అమ్మాయి మామూలు సైకిల్‌కి పంక్చర్ పడితే పది నిమిషాల్లో వేసి పంపేశారు.

సైకిల్‌ని హైదరాబాద్ నుంచి తీసుకెళ్లడమే అన్నిటికంటే చిరాకు. రైల్లో అయితే పార్సిల్ ఆఫీసులో బుక్ చేయాలి. మనం ఎక్కిన బండిలోనే అదీ వస్తుందన్న హామీ లేదు, మధ్య స్టేషన్లో బండి ఆగేది కాసేపే. అందుకని వెళ్లేటప్పుడు రెండు రోజులు ముందుగా బస్సు కార్గోలో పంపేశాం. ముందు చక్రం విప్పి, పెడళ్లు తీసి, పాత దుప్పటి చుట్టాం. వచ్చేటప్పుడు సుఖం, ఎందుకంటే నరసాపురంలో రైలు అక్కడే బయల్దేరుతుంది, తీరిగ్గా ఎక్కించుకోవచ్చు. అందుకే టూరు చివరి ఊరు రైలు మొదలయ్యే ఊరైతే మంచిదంటాను.

నాలుగు రోజుల లెక్క, ఒక మనిషికి: గదుల్లో నా వాటా 1,550, తిండి 1,240, రైలు స్లీపర్ రానూపోనూ 650, సైకిల్ రవాణా 700, పంటు (నది దాటించే పడవ), కొబ్బరిబొండాలు, పంక్చర్ కలిపి 230. మొత్తం 4,370. పూతరేకుల 400 ఇందులో వేయలేదు, అది ఇంటి ఖర్చు. లాడ్జి ఆన్‌లైన్లో బుక్ చేసే ముందు ఒకసారి ఫోన్ చేసి సైకిల్ లోపల పెట్టనిస్తారా అని అడగండి. మేము అడిగిన మూడు చోట్లా ఒప్పుకున్నారు.

బయల్దేరే ముందు నెల రోజులు తొక్కితే చాలు. ఒక రోజు ఎంత దూరం తొక్కారన్నది కాదు, మర్నాడు మళ్లీ సీటు మీద కూర్చోగలరా అన్నదే చూసుకోవాలి. శనివారం 30, ఆదివారం 30 తొక్కండి. హైదరాబాద్ వాళ్లకి ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023లో తెరిచిన 23 కిలోమీటర్ల, సోలార్ పలకల కప్పున్న సైకిల్ ట్రాక్ ఇందుకు బాగా పనికొస్తుంది. ఆదివారం సీటు నొప్పి భరించలేనంత ఉంటే సీటు ఎత్తు మార్చి చూడండి, కొత్త సీటు తర్వాత కొనొచ్చు.

నాలుగో రోజు రాజోలు నుంచి అంతర్వేది, మళ్లీ వెనక్కి సఖినేటిపల్లి రేవుకి వచ్చి, పంటు మీద వశిష్ఠ గోదావరి దాటి నరసాపురం. అన్ని రోజుల్లోకీ ఇదే ఎక్కువ దూరం. నరసింహస్వామి దర్శనం, అక్కడే అన్నప్రసాదం అయ్యాక మా అమ్మాయి, "పిన్నీ, ఇంక నా వల్ల కాదు" అంది. బతిమాలలేదు. వెనక సీటు మడత పెట్టిన ఆటో ఒకటి దొరికితే సైకిల్‌ని అందులో పడుకోబెట్టి పంపించాను. నేను గాలికి ఎదురు తొక్కి గంటంబావు తర్వాత రేవుకి చేరేసరికి అది అరుగు మీద కాళ్లు చాపుకుని రెండో బొండం తాగుతోంది. నా కోసం ఒకటి కొట్టించి పక్కన పెట్టింది. పంటు అప్పుడే అవతలి ఒడ్డు నుంచి బయల్దేరింది, తాగడానికి టైముంది.