డ్రాఫ్ట్ ముందు టీమ్ అవసరాలు తప్పుగా లెక్క తేలుతున్నాయా? శాక్‌ల దగ్గర ఆగి చూడండి

అమెరికన్ ఫుట్‌బాల్ ఆడే ఎన్‌ఎఫ్‌ఎల్ లీగ్‌లో టీమ్‌లు కొత్త ఆటగాళ్లను వంతులవారీగా ఎంచుకునే డ్రాఫ్ట్ ఏప్రిల్ చివర్లో ఉంటుంది. ఒక్కో వంతు ఒక పిక్. ఫిబ్రవరి నుంచే ప్రతి అభిమానీ తన టీమ్‌కి ఏయే పొజిషన్లు కావాలో జాబితా రాసుకుంటాడు. డల్లాస్‌లో, న్యూజెర్సీలో ఉండే మనవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లోనూ ఆ రోజుల్లో ఇదే చర్చ. ఏళ్ల తరబడి ఇలాంటి జాబితాలు సరిచేస్తున్నాను, తప్పులు మాత్రం అవే వస్తున్నాయి. రౌండ్లు, పిక్‌లు, ఎవరు ఎక్కడ నిలబడతారన్నది తెలిసినవాళ్ల కోసమే ఇది రాస్తున్నాను.

జాబితా ఏప్రిల్‌కి పనికిరాకుండా పోతోంది

కాంట్రాక్టులు చూడకపోవడమే దీనికి కారణం. ఇంతకంటే తేలికైన పని లేదు, అయినా దీన్నే అందరూ వదిలేస్తారు. మార్చి మధ్యలో ఫ్రీ ఏజెన్సీ (కాంట్రాక్టు ముగిసిన ఆటగాళ్లు వేరే టీమ్‌లకి వెళ్లే సమయం) మొదలవగానే సగం టీమ్ మారిపోతుంది. ఫిబ్రవరిలో రాసిన జాబితాని ఏప్రిల్‌లో పట్టుకుని వాదిస్తే ఏం లాభం?

మొదటి వరసలో ఆడే ప్రతి ఆటగాడి పేరు పక్కన మూడు విషయాలు రాయండి: కాంట్రాక్టు ఏ ఏడాది ముగుస్తుంది, వయసెంత, వెనక ఎవరున్నారు. టాకిల్‌కి (బంతి విసిరే క్వార్టర్‌బ్యాక్‌ని లైన్ అంచున కాపాడేవాడు) ముప్పై రెండేళ్లు, కాంట్రాక్టు ఒక్క ఏడాదే మిగిలింది, వెనక ఎవరూ లేరు అంటే, గత సీజన్ ఎంత బాగా ఆడినా అక్కడ ఈ ఏడాదే అవసరం ఉన్నట్టు. గ్రీన్ బే ప్యాకర్స్ చేసేది ఇదే. క్వార్టర్‌బ్యాక్ బ్రెట్ ఫావ్ర్ ఉండగానే 2005లో 24వ పిక్‌తో ఆరన్ రాజర్స్‌ని తీసుకున్నారు. రాజర్స్ ఉండగానే 2020లో 26వ పిక్‌తో జోర్డన్ లవ్‌ని తీసుకున్నారు. అప్పుడు పాస్ అందుకునే రిసీవర్ కావాలని అభిమానులు గొడవ చేశారు. 2023లో రాజర్స్ వెళ్లిపోయేసరికి లవ్ సిద్ధంగా ఉన్నాడు.

క్వార్టర్‌బ్యాక్ ఊరికే శాక్ అవుతున్నాడు

అసలు దెబ్బ తగిలేది ఇక్కడే. బంతి విసిరేలోపే క్వార్టర్‌బ్యాక్‌ని పడగొడితే అది శాక్; లైన్ అంటే అతని ముందు నిలబడి కాపాడే ఐదుగురు. శాక్‌ల సంఖ్య చూడగానే అందరి నోటా ఒకే మాట: "లైన్ బాగాలేదు, మొదటి రౌండ్‌లో టాకిల్‌ని తీసుకోవాలి." నిజమే అయ్యుండొచ్చు. కానీ శాక్‌కి కనీసం నాలుగు మూలాలుంటాయి: లైన్ అంచున ఉండే టాకిల్, లోపలుండే గార్డులూ సెంటరూ, ఖాళీ దొరకని రిసీవర్లు, బంతి వదలని క్వార్టర్‌బ్యాక్. స్కోరు పట్టికలో మాత్రం ఈ నాలుగూ ఒకే అంకెగా కనిపిస్తాయి. అది చూసి పిక్ ఖర్చుపెడితే రోగమొకటి, మందొకటి అవుతుంది.

టాంపా బేని చూడండి. 2019లో జేమిస్ విన్‌స్టన్ 47 సార్లు శాక్ అయ్యాడు. 2020లో అదే టీమ్‌కి వచ్చిన టామ్ బ్రేడీ శాక్ అయింది 21 సార్లే. లైన్‌లో ఐదుగురిలో నలుగురు పాతవాళ్లే. కుడి టాకిల్ ఒక్కడే కొత్త, 13వ పిక్‌తో తెచ్చిన ట్రిస్టన్ వర్ఫ్స్. వర్ఫ్స్ మొదటి ఏడాది నుంచే గొప్పగా ఆడాడు, కాదనను. కానీ శాక్‌లు సగం కంటే ఎక్కువ తగ్గడం ఒక్క టాకిల్ వల్ల అయ్యే పని కాదు. బ్రేడీ చేతిలో బంతి నిలవదు, అదే పెద్ద తేడా.

ఇక పరీక్ష ఎలా చేయాలంటే, ఫోన్‌లో స్టాప్‌వాచ్ తెరిచి గత సీజన్‌లో పడిన శాక్‌ల వీడియోలు ఒక్కొక్కటే పెట్టండి. సెంటర్ బంతి వెనక్కి ఇచ్చిన క్షణం నొక్కండి, క్వార్టర్‌బ్యాక్‌ని పట్టుకున్న క్షణం ఆపండి. రెండున్నర సెకన్లలోపే మనిషి మీదికొచ్చేశాడా? తప్పు లైన్‌ది. అప్పుడు ఎటునుంచి వచ్చాడో రాసుకోండి. అంచు నుంచి చుట్టి వస్తే టాకిల్, మధ్యలోంచి నేరుగా తోసుకొస్తే గార్డో సెంటరో. మధ్య నుంచి వచ్చే ఒత్తిడి మరీ ప్రమాదం, ఎందుకంటే క్వార్టర్‌బ్యాక్‌కి ముందుకి అడుగేసే చోటే ఉండదు.

మూడు సెకన్లు దాటితే లైన్‌ని వదిలేసి రిసీవర్లను చూడండి. మామూలు టీవీ ప్రసారంలో వాళ్లు కనబడరు, మైదానం మొత్తం కనిపించే కోచ్‌ల వీడియో కావాలి. ఎవరూ ఖాళీగా లేకపోతే మీకు కావాల్సింది రిసీవరో, అడ్డుకోవడమూ పాస్ అందుకోవడమూ రెండూ చేసే టైట్ ఎండో. ఖాళీగా ఉన్నా బంతి వెయ్యలేదంటే అది క్వార్టర్‌బ్యాక్, కోచ్ తేల్చుకోవాల్సిన సంగతి, దానికి డ్రాఫ్ట్‌లో మందు లేదు. ఓపిక లేనివాళ్లు కనీసం లీగ్ బయటపెట్టే 'బంతి వదలడానికి పట్టే సగటు సమయం' అంకె చూడండి. అది మూడు సెకన్లకి దగ్గరపడుతుంటే శాక్‌లన్నీ లైన్ నెత్తిన వెయ్యకండి.

షికాగో బేర్స్ దీన్ని సరిగ్గా చేశారు. 2024లో మొదటి పిక్‌గా వచ్చిన కేలబ్ విలియమ్స్ ఆ సీజన్‌లో 68 సార్లు శాక్ అయ్యాడు, లీగ్‌లో అందరికంటే ఎక్కువ. 2025లో అందరూ 10వ పిక్‌తో టాకిల్ వస్తాడనుకున్నారు. టీమ్ మాత్రం మార్చిలోనే లోపలి మూడు చోట్లూ మార్చేసింది. జో థూనీ, జోనా జాక్సన్ ట్రేడ్‌లో వచ్చారు, సెంటర్ డ్రూ డాల్మన్‌ని ఫ్రీ ఏజెన్సీలో కొన్నారు. బంతి త్వరగా వదిలించే పద్ధతి తెలిసిన బెన్ జాన్సన్‌ని అంతకుముందే హెడ్ కోచ్‌గా తెచ్చుకున్నారు. ఏప్రిల్‌కి లోపలి లైన్ బెంగ తీరిపోయింది కాబట్టి 10వ పిక్‌తో టైట్ ఎండ్ కోల్‌స్టన్ లవ్‌లాండ్‌ని, రెండో రౌండ్‌లో ముందు రిసీవర్‌ని తీసుకున్నారు. టాకిల్ ఆజీ ట్రపీలో వచ్చింది ఆ తర్వాత, 56వ పిక్‌తో. 2025 సీజన్‌లో విలియమ్స్ శాక్‌లు 24కి పడిపోయాయి. ఎడమ టాకిల్ స్థానంలో ఆ ఏడాది ఒక్కరూ కుదురుగా ఆడలేదు, అయినా ఇంత తగ్గాయి.

రెండోవైపు కూడా చెప్పాలి. 2021లో సిన్సినాటి బెంగాల్స్ 5వ పిక్‌తో టాకిల్ పెనే స్యూవెల్‌ని వదిలి రిసీవర్ జమార్ చేస్‌ని తీసుకున్నారు. చేస్ మొదటి ఏడాదే 1,455 గజాలు సాధించి టీమ్‌ని సూపర్ బౌల్ దాకా తీసుకెళ్లడంలో పెద్ద చెయ్యి వేశాడు. కానీ జో బరో ఆ ప్లేఆఫ్స్‌లో టైటన్స్ చేతిలో 9 సార్లు, సూపర్ బౌల్‌లో 7 సార్లు శాక్ అయ్యాడు. అక్కడ లైన్ నిజంగానే బలహీనం. మరుసటి మార్చిలో ముగ్గురు లైన్‌మెన్‌ని కొన్నారు. చేస్‌ని తీసుకోవడం తప్పు కాదు, లైన్‌ని సరిగ్గా బాగుచేసుకోకపోవడమే తప్పు. స్టాప్‌వాచ్ చూపించేది రెండువైపులా నమ్మండి.

ప్రత్యర్థి పరుగెత్తి గజాలు లాగేస్తున్నాడు

లైన్‌బ్యాకర్ (డిఫెన్స్‌లో ముందు వరస వెనక నిలబడేవాడు) కావాలంటారు. వీడియో ఆపి చూడండి: ఎదుటి గార్డు ఎవరూ అడ్డులేకుండా లైన్‌బ్యాకర్ దాకా వచ్చేస్తున్నాడా? అయితే ముందు నిలబడే డిఫెన్సివ్ టాకిల్ తన పని చెయ్యట్లేదు. కావాల్సింది ఇద్దరు మనుషుల్ని ఆపగల భారీ శరీరం. అది రెండో, మూడో రౌండ్‌లో కూడా దొరుకుతుంది.

పాస్‌లు ఆగట్లేదు

రిసీవర్‌ని కాపు కాసే కార్నర్‌బ్యాక్‌ని తిట్టే ముందు మళ్లీ అదే స్టాప్‌వాచ్ పెట్టండి. ఎదుటి క్వార్టర్‌బ్యాక్‌కి నాలుగు సెకన్లు దొరికితే ఏ కార్నరూ నిలవలేడు, మీకు కావాల్సింది క్వార్టర్‌బ్యాక్ మీదికి దూసుకెళ్లే పాస్ రషర్.

మిగిలినవి అరుదు. బంతిని కాలితో తన్నే కిక్కర్, పంటర్ కోసం మొదటి రౌండ్లు తగలెయ్యకండి. టాంపా బే 2016లో రెండో రౌండ్‌లో 59వ పిక్‌తో కిక్కర్ రాబర్టో అగ్వాయోని తీసుకుంది, ఒక్క సీజనే ఆడించి వదిలేసింది. కిక్కర్లు డ్రాఫ్ట్ అయ్యాక కూడా దొరుకుతారు. గాయాల వల్ల పడిన ఖాళీని అవసరంగా రాసేముందు ఆ ఆటగాడు సెప్టెంబర్‌కి తిరిగొస్తాడా లేదా కనుక్కోండి, చాలు.