టోర్నమెంట్‌లో జడ్జి సమయం ఎక్కడ పోతోంది: సమస్య - పరిష్కారం

సమస్య: గడియారం ఆగి చాలాసేపయినా తర్వాతి రౌండ్ మొదలు కావడం లేదు.

మ్యాజిక్: ద గ్యాదరింగ్ వంటి కార్డ్ గేమ్‌లలో స్విస్ పద్ధతి (ఓడినవారిని తప్పించకుండా, దాదాపు సమాన స్కోరు ఉన్నవారిని జతకలిపే పద్ధతి) రౌండ్‌కు సాధారణంగా 50 నిమిషాలు ఇస్తారు. గెలుపోటములను బట్టే తర్వాతి జతలు కుదురుతాయి కాబట్టి, ఒక్క టేబుల్ ఫలితం రాకపోయినా హాలు మొత్తం కూర్చోవలసిందే. ఆటగాళ్లు నెమ్మదిగా ఆడటమే కారణమని జడ్జీలు అంటూ ఉంటారు. నా దృష్టిలో అసలు కారణం తరచుగా జడ్జీల వైపే ఉంటుంది. తీర్పు చెప్పడానికి ఆరేడు నిమిషాలు ఆటను ఆపి, ఆ మేరకు అదనపు సమయం ఇచ్చి, ఆ సంగతి ఎవరికీ చెప్పకుండా జడ్జి వెళ్లిపోయిన టేబులే చివరికి మిగులుతుంది.

ఒక నిమిషానికి మించి ఆటను ఆపినప్పుడు అదనపు సమయాన్ని అక్కడికక్కడే రిజల్ట్ స్లిప్‌పైనో సాఫ్ట్‌వేర్‌లోనో నమోదు చేయాలి. గడువుకు పది నిమిషాల ముందు, ఫలితాలు నమోదు చేసే స్కోర్‌కీపర్ నుంచి మిగిలిన టేబుళ్ల జాబితా తీసుకుని, అదనపు సమయం ఉన్నవాటి దగ్గర ముందుగా ఒక్కొక్క జడ్జిని నిలబెట్టాలి. అప్పటికి కుర్చీలు సర్దడం, కాగితాలు చూసుకోవడం వంటి పనులన్నీ ఆపేయాలి.

సమస్య: జడ్జిని పిలుస్తూ చేతులు లేస్తున్నాయి, జడ్జీలు కనిపిస్తున్నారు, కానీ ఎవరూ రావడం లేదు.

ఆసక్తికరమైన తీర్పు ఒకటి నడుస్తుంటే ముగ్గురు జడ్జీలు దాని చుట్టూ చేరతారు, మిగతా హాలుకు వీపు చూపిస్తారు. ముందుగా వెళ్లినవారు తప్ప మిగతావారు తమ వరుసలకు తిరిగి రావాలి. వినాలన్న కుతూహలాన్ని రౌండ్ ముగిశాక తీర్చుకోవచ్చు.

రెండు చేతులు ఒకేసారి లేస్తే, ముందు లేచిన చేతికన్నా ముందు చెదిరిపోయే ఆధారం ముఖ్యం. పొరపాటున తీసిన అదనపు కార్డు చేతిలోని కార్డులతో కలిసిపోబోతున్నా, డెక్ (ఆటగాడి కార్డుల కట్ట) షఫుల్ కాబోతున్నా, ఆ టేబుల్‌కు ముందుగా వెళ్లి కనీసం ఆటను అక్కడ ఆపించాలి. కార్డులోని వాక్యానికి అర్థం అడిగేవారు అర నిమిషం ఆగినా వారి ఆటకు నష్టం లేదు.

సమస్య: డెక్ చెక్‌లు (డెక్ ఆటగాడు ఇచ్చిన జాబితాతో సరిపోతోందా అని చూడటం) సమయాన్ని మింగేస్తున్నాయి.

మ్యాజిక్ పోటీ స్థాయి టోర్నమెంట్లలో మొత్తం మీద కనీసం పది శాతం డెక్‌లను పరిశీలించాలన్న నియమం ఉంది. చెక్‌కు పట్టిన సమయానికి మరో మూడు నిమిషాలు కలిపి ఆటగాళ్లకు ఇవ్వాలి. అంటే చెక్ పన్నెండు నిమిషాలు సాగితే ఆ టేబుల్‌కు పదిహేను నిమిషాలు అదనం, దానితో మళ్లీ మొదటి సమస్యే. అందువల్ల రౌండ్ ఆరంభంలోనే, షఫుల్ ముగిసి ఆట మొదలు కాకముందే డెక్‌లు తీసుకుని, ఇద్దరు జడ్జీలు చెరొకటి చూడాలి. హాలులో చేతులు ఎక్కువగా లేస్తున్నాయని తెలిస్తే ఆ రౌండ్‌లో చెక్ మానుకోవచ్చు. శాతాన్ని మరో రౌండ్‌లో పూరించవచ్చు, ఆగిన ఆటను అలా పూరించలేము.

సమస్య: అప్పీల్‌కు హెడ్ జడ్జి దొరకడం లేదు.

ఆయనే టేబుళ్ల మధ్య తిరుగుతూ తీర్పులు చెబుతున్నారేమో చూడండి. తుది నిర్ణయం ఆయనది కాబట్టి తొలి తీర్పును ఇతర జడ్జీలకు వదిలి, ఎక్కడున్నారో అందరికీ తెలిసే చోట ఉండాలి.